సమాధానం: ఎజ్రా 5:3లో ఉన్నది గోడేనా?

నమస్కారం అండీ. బైబిల్ పాత నిబంధనలోని ఎజ్రా గ్రంథం 5:3, 5:9లలో, గుడి కట్టే సందర్భంలో, ఒకే మాటను ఒక అనువాదం 'ప్రాకారం' అంటే మరొకటి 'కట్టడం' అంటోంది, ఏది నమ్మాలని అడిగారు. నా లెక్కలో గోడ మాత్రం కాదు.

ముందొక మాట. ఆ అధ్యాయం రాసింది హీబ్రూలో కాదు, దానికి దగ్గరి భాషైన అరామిక్‌లో. మీరడిగిన చోట మూలంలో ఉన్న మాట 'ఉష్షర్నా'. అది బైబిల్లో ఈ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా రాదు. అందుకే పాత అనువాదకులు సందర్భాన్నిబట్టి ఊహించుకున్నారు. చిక్కు విడింది ఈజిప్టులో. నైలు నదిలోని ఎలెఫాంటీన్ ద్వీపపు యూదులు క్రీ.పూ. 407లో పెట్టుకున్న అర్జీ దొరికింది. శత్రువులు తమ గుడిని కూల్చి, దేవదారు పైకప్పుతోపాటు మిగతా 'ఉష్షర్నా'నంతా తగలబెట్టారని అందులో మొర పెట్టుకున్నారు. కాలిందంటే కలప సామానే అయ్యుండాలి.

నాకు ఇంకా గట్టిగా తోచే సాక్ష్యం, దానికి కొన్నేళ్ల ముందటి పడవ మరమ్మతు ఉత్తర్వు. అందులోనూ ఇదే మాట, దాంతోపాటు దేవదారు కలప, మేకుల జాబితా. పడవకు ప్రాకారం ఉండదు కదండీ!

5:8 కూడా చూడండి, గోడల్లో మ్రానులు వేస్తున్నారని ఉంటుంది. కాబట్టి 5:3లో 'దూలాలు, పలకల వంటి లోపలి చెక్కపని' అని చదువుకోండి.