ఆదివారం డిమ్‌సమ్: టేబుల్ సంగతి, పోర్క్ సంగతి
హాంకాంగ్‌లో అమ్మానాన్నల్ని ఆదివారం డిమ్‌సమ్‌కి (టీతో పాటు చిన్న చిన్న ప్లేట్లలో వచ్చే చైనీస్ టిఫిన్లు) తీసుకెళ్తే గంటన్నర నిలబడాల్సి వచ్చిందని, పోర్క్ లేనివి ఏవో తెలియలేదని రాశారు కదండీ. ఆదివారం 11 దాటాక వెళ్తే అంతే, కుటుంబాలకు కుటుంబాలు అప్పుడే దిగుతాయి. మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి, లేదా మధ్యాహ్నం 2:30 తర్వాత, చాలాచోట్ల అప్పుడు రేటు కూడా తక్కువ. వేరేవాళ్లతో టేబుల్ పంచుకుంటామంటే ఇంకా త్వరగా కూర్చోబెడతారు.

ఇక పోర్క్ సంగతి. హార్‌గావ్ (ఆవిరి మీద ఉడికించే రొయ్యల డంప్లింగ్) అంటే రొయ్యలే కదా అనుకుంటాం, కానీ అందులో కాస్త పంది కొవ్వు కలిపేవాళ్లు చాలామంది, షూమై అనే ఇంకో రకం డంప్లింగ్‌లో పోర్క్ ఎలాగూ ఉంటుంది, ముల్లంగి కేకులో కూడా పోర్క్‌తో చేసే చైనీస్ సాసేజ్ ముక్కలు వేస్తారు (నాకు తిన్నాకే తెలిసింది!). అడిగాకే ఆర్డర్ కాగితం మీద టిక్ పెట్టండి. టీ అయిపోతే కుండ మూత కొంచెం పక్కకి జరిపి పెడితే చాలు, వాళ్లే వచ్చి వేడినీళ్లు పోస్తారు.