సి చెప్పని మాటను రస్ట్‌లో రాసేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

సి భాషలో రాసిన లినక్స్ కెర్నల్‌లోని డివైస్ ట్రీ (బోర్డు మీది హార్డ్‌వేర్‌ను నోడ్‌ల చెట్టుగా వర్ణించే సమాచారం) ఫంక్షన్లకు రస్ట్ భాషలో తొడుగు రాయబోతున్నావని తెలిసి సంతోషించాను. 2022 డిసెంబరులో విడుదలైన 6.1 వెర్షన్ నుంచి రస్ట్ కెర్నల్‌లో ఉంది కాబట్టి పనిముట్ల కొరత నీకు లేదు. సి హెడర్ ఫైళ్లను చదివి రస్ట్ డిక్లరేషన్లు తయారుచేసే పని బైండ్‌జెన్ అనే పనిముట్టు చూసుకుంటుంది. దానికి అందని స్టాటిక్ ఇన్‌లైన్ ఫంక్షన్లకు (కోడ్ అంతా హెడర్‌లోనే ఉండేవాటికి) చిన్న సి హెల్పర్లు రాసుకోవాలి. అసలు శ్రమ ఆ తర్వాతే.

సి ప్రోటోటైప్ (ఫంక్షన్ ఏమి తీసుకుని ఏమి ఇస్తుందో చెప్పే వరుస) చూస్తే పాయింటర్, అంటే మెమరీ చిరునామా, వస్తుందని తెలుస్తుంది గాని, అది ఎవరి సొత్తో తెలియదు. నేను బోల్తాపడింది అక్కడే. పేరునుబట్టి నోడ్‌ను వెతికే ఆఫ్_ఫైండ్_నోడ్_బై_నేమ్, తాను తిరిగి ఇచ్చే నోడ్ లెక్కను (దాన్ని ఎందరు పట్టుకున్నారో చెప్పే సంఖ్యను) ఒకటి పెంచి ఇస్తుంది. అంతటితో ఊరుకోక, వెతుకులాట ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పడానికి మనమిచ్చిన నోడ్ లెక్కను ఒకటి తగ్గిస్తుంది. నా తొడుగులో ఆ నోడ్‌ను మామూలు రెఫరెన్సుగా, అంటే అరువుగా, తీసుకున్నాను. ఫంక్షన్ ఒకసారి తగ్గించింది, స్కోప్ ముగియగానే నా డ్రాప్ (విలువ పని ముగిశాక రస్ట్ తానే నడిపే శుభ్రత కోడ్) మరోసారి తగ్గించింది. డైనమిక్ డివైస్ ట్రీ లేని కెర్నల్‌లో ఆ తగ్గింపు ఉత్తుత్తిదే కనుక నా బోర్డు మీద ఎన్నాళ్లయినా తప్పు బయటపడలేదు. ఆ ఆప్షన్ పెట్టి బిల్డ్ చేశాక గాని నా గుట్టు రట్టుకాలేదు. ఆ నోడ్‌ను ఏరెఫ్‌గా (ఒక లెక్కకు సొంతదారైన రస్ట్ టైపుగా), విలువ రూపంలోనే తీసుకుని ఉంటే, మళ్లీ వాడబోయిన వాడిని కంపైలరే ఆపేది.

కదిలే వస్తువుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఖాళీగా ఉన్న కెర్నల్ లిస్ట్ హెడ్ (జాబితాకు మొదలు) తన చిరునామానే తనలో రెండుసార్లు దాచుకుంటుంది. రస్ట్ విలువను మరోచోటికి తరలిస్తే ఆ రెండూ పాత ఇంటినే చూపిస్తుంటాయి. అందుకే లోపల అలాంటి జాబితా ఉండే వెయిట్ క్యూ (ఏదైనా జరిగేదాకా ఎదురుచూసే పనుల వరుస) వంటివాటిని, కదలకుండా ఉంచే పిన్-ఇనిట్ పద్ధతితో, అవి ఉండబోయే చోటనే సిద్ధం చేయాలి. స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపు నిద్రపోకూడని తాళం) పట్టుకుని నిద్రపోయే కోడ్‌ను మాత్రం రస్ట్ టైపులు ఆపలేవు, ఆ భ్రమ పెట్టుకోకు.

అన్‌సేఫ్ బ్లాకు (భద్రత పూచీ కంపైలర్‌ది కాక రాసేవాడిదైన కోడ్) పైన రాసే సేఫ్టీ వ్యాఖ్యలో "పాయింటర్ సరైనదే" అని రాసి ఊరుకోవడం నాకు నచ్చదు. ఎందుకు సరైనదో, ఎంతసేపు సరైనదో, ఎవరు పట్టుకున్న లెక్క వల్ల బతికుందో రాయాలి. అది రాయలేకపోతే సి సోర్సు మళ్లీ చదవాలి, ఆ సబ్‌సిస్టమ్ చూసేవారిని అడగాలి. ముందుగా ఆ వ్యాఖ్యలు మాత్రమే రాసి నాకు పంపు. కోడ్ సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య