పార్ట్‌టైమ్ డిఫెండర్ కాబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

స్కాట్లండ్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె అయిన లీగ్ టూ క్లబ్ నుంచి నీకు పిలుపు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అకాడమీ వాళ్లు వదిలేశారని దిగులు పడకు. సెల్టిక్ క్లబ్ కాదనుకున్న డిఫెండర్ ఆండీ రాబర్ట్‌సన్ 2012–13లో నువ్వు ఎక్కబోయే మెట్టు మీదే, జీతమే ఇవ్వని క్వీన్స్ పార్క్‌లో ఆడాడు. 2013లో డండీ యునైటెడ్, మరుసటి ఏడు హల్, 2017లో లివర్‌పూల్ క్లబ్బుల్లో చేరాడు. అయితే అది వెయ్యిలో ఒకరి జాతకం. నువ్వు మాత్రం గ్లాస్గోలో ఉద్యోగం మానకు. శనివారాలు సెలవుగా ఉండే షిఫ్టు ఇప్పుడే అడిగి పెట్టుకో. వారం మధ్య మ్యాచ్ పడితే సగం రోజు సెలవు కావాలనీ ముందే చెప్పు.

సంతకానికి ముందు వారపు జీతం కంటే నాలుగు సంగతులు చూడు. జీతం 52 వారాలూ ఇస్తారా, లేక సీజన్ ముగియగానే ఆపుతారా? గాయపడితే ఎన్ని వారాలు ఇస్తారు? పెట్రోలు ఖర్చు ఎవరిది? శిక్షణ ఎక్కడ? ఈ చివరిదాన్ని చాలామంది అడగరు. మంగళ, గురువారాల్లో సాయంత్రం శిక్షణ క్లబ్ ఊళ్లోనే జరగాలనేం లేదు. స్ట్రాన్‌రార్ లాంటి దూరపు క్లబ్బులకు ఆడేవాళ్లు ఎక్కువగా గ్లాస్గో వైపు వాళ్లే. లీగ్‌లో మ్యాచ్‌లు 36, ప్రతి జట్టుతో నాలుగుసార్లు. మైదానం దూరమైతే ఏడాదికి 18 ప్రయాణాలు, శిక్షణ దూరమైతే వారానికి రెండు. మనిషిని అరగదీసేది రెండోదే.

పన్ను సంగతి కూడా విను. 12,570 పౌండ్ల మినహాయింపు నీ ఉద్యోగం దగ్గరే వాడేసుకుంటారు కనుక, క్లబ్ జీతానికి సాధారణంగా ఎస్‌బీఆర్ అనే పన్ను కోడ్ పడి మొదటి పౌండు నుంచే 20 శాతం కోస్తారు. చేతికొచ్చేది ఆ లెక్కనే వేసుకో. స్టూడెంట్ వీసా మీదున్న నీ స్నేహితుడు డబ్బు తీసుకుని ఆడితే మాత్రం వీసాకే ముప్పు. సెమీ ప్రొఫెషనల్ ఆట కూడా ఆ నిషేధం కిందికే వస్తుందని అతనికి చెప్పు.

ఇక ఆట. ఆర్బ్రోత్ క్లబ్ మైదానం గేఫీల్డ్ సముద్రం అంచునే ఉంటుంది. అక్కడ గాలిని చదవలేని డిఫెండర్ పది నిమిషాల్లో దొరికిపోతాడు. గాలి నీ మొహానికి కొడుతుంటే వాళ్ల లాంగ్ బాల్ నువ్వు అనుకున్నదానికంటే దూరం వస్తుంది. రెండు మూడు మీటర్లు వెనక్కి తగ్గి నిలబడు. గాలి నీ వీపు వైపు ఉంటే బంతి మధ్యలోనే కూలబడుతుంది. ముందుకొచ్చి అందుకో. ఏ వైపు గాలైనా బంతిని నేల మీద పడనివ్వకు. కృత్రిమ గడ్డి మీద అది ఇంకా ఎత్తు లేస్తుంది, నీ తల దాటి స్ట్రైకర్ కాళ్ల దగ్గర పడుతుంది. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లూ (మధ్యలో ఆడే డిఫెండర్లు) ఒకే బంతికి ఎగరకూడదు. ఒకడు వెళ్తే రెండోవాడు నాలుగైదు మీటర్లు వెనక కాపు కాయాలి. ఎవరు వెళ్తున్నారో గట్టిగా అరిచి చెప్పాలి, గాలి హోరులో మామూలు గొంతు వినబడదు.

సంచిలో రెండు జతల బూట్లు పెట్టుకో. కృత్రిమ గడ్డికి పొట్టి స్టడ్లు (బూటు అడుగు గుబ్బలు) ఎక్కువగా ఉన్న, ఏజీ అని పిలిచే జత, జనవరి బురదకు లోహపు స్టడ్ల జత. లోహపు స్టడ్లతో కృత్రిమ గడ్డి మీదకు రానివ్వరు, పచ్చిక స్టడ్లతో దిగితే పాదం ఇరుక్కుని మోకాలు మెలిపడొచ్చు. చలికాలంలో పొద్దున్నే పిచ్ గడ్డకట్టిందో లేదో చూసి మ్యాచ్ రద్దు చేస్తుంటారు, ఫోన్ దగ్గరే ఉంచుకో.

రోజంతా కుర్చీలో, ఆపైన మూడు గంటలు బస్సులో కూర్చుని దిగితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. పార్ట్‌టైమ్ వాళ్ల సీజన్‌ను ఎక్కువగా మింగేది ఇదే. మంగళవారం శిక్షణ అయ్యాక నార్డిక్ వ్యాయామం (మోకాళ్ల మీద ఉండి, మడమలు ఒకరు పట్టుకోగా, మెల్లగా ముందుకు వాలడం) రెండు విడతలు, విడతకు ఐదు చొప్పున మొదలుపెట్టు. గురువారం చేయకు, శనివారానికి నొప్పి మిగులుతుంది. బస్సు ఎక్కడ ఆగినా దిగి నడువు.

హెడర్ల (తలతో బంతిని కొట్టడం) విషయంలో మొహమాటపడకు. స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లు 7,676 మందిని గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశీలించింది. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే వాళ్లకు మూడున్నర రెట్లని 2019లో తేలింది. స్థానాల వారీగా 2021లో చూస్తే ఆ జబ్బుల ముప్పు అందరికంటే ఎక్కువ డిఫెండర్లకే, దాదాపు ఐదు రెట్లు. అందుకే మ్యాచ్‌కు ముందు రోజు, తర్వాతి రోజు ప్రొఫెషనల్ క్లబ్బుల శిక్షణలో హెడర్లు వద్దని 2022లో స్కాట్లండ్ ఫుట్‌బాల్ సంఘం (స్కాటిష్ ఎఫ్‌ఏ) చెప్పింది. శని మ్యాచ్‌కు శుక్ర, ఆదివారాల్లో మీకు శిక్షణే ఉండదు, దాంతో నీకు పెద్దగా ఒరిగేది లేదు. నీకు పనికొచ్చేది రెండో సూచన: పదేపదే హెడర్లు కొట్టే సాధన వారానికి ఒక్కసారే. అది మంగళవారం కానియ్. గురువారం కార్నర్ల సాధనలో బంతిని చేత్తో పట్టుకున్నా నిలబడే చోటు, పరుగు అలవాటవుతాయి. కొట్టేటప్పుడు మెడ బిగించి నుదుటితోనే కొట్టు. తల తిరిగినా, చూపు మసకబారినా ఆ రోజుకు బయటికి వచ్చేయ్. కోచ్ మొహం చూడకు, సోమవారం ఆఫీసుకు వెళ్లాల్సింది నువ్వు.

కాగితాలు వచ్చాక గాయం క్లాజు ఉన్న పేజీ ఫొటో తీసి పంపు, చూస్తాను.

మీ మామయ్య