ఫోన్ బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

ప్రశ్న: బ్రిటన్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాను. ఒక ఏజెన్సీ ద్వారా ఆరు నెలల డేటా కాంట్రాక్టు వచ్చేలా ఉంది. సొంతంగా లిమిటెడ్ కంపెనీ పెట్టుకోమంటున్నారు. నా ఫోన్ కాంట్రాక్టు నెలకు 45 పౌండ్లు, అన్‌లిమిటెడ్ ప్లాన్, నా పేరు మీదే ఉంది. దాన్ని కంపెనీ ఖర్చుగా చూపొచ్చా? ‘మొత్తం చూపేయ్, అందరూ చేసేదే’ అని స్నేహితులు అంటున్నారు.

జవాబు: మీ స్నేహితులు చెప్పింది సగం నిజం. ఫోన్ ఖర్చు మొత్తం కంపెనీ మీద వేయొచ్చు, సొంత కాల్స్‌తో సహా. కానీ మీరు చెప్పిన 45 పౌండ్ల కాంట్రాక్టుకు ఆ వెసులుబాటు వర్తించదు.

ఫోన్ సంగతికి ముందు ఏజెన్సీని ఒక్క ప్రశ్న అడగండి: ఈ కాంట్రాక్టు ఐఆర్35 (సొంత కంపెనీ పేరుతో పనిచేసినా నిజానికి ఉద్యోగి లాంటివారేనా అని తేల్చే పన్ను నియమం) పరిధిలోపలా, బయటా? క్లయింటు మధ్యస్థ లేదా పెద్ద సంస్థ అయితే ఆ నిర్ణయం వాళ్లే రాతపూర్వకంగా ఇవ్వాలి. 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రంగానికీ ఇదే నియమం. లోపల అని తేల్చితే మీ ఫీజులోంచి పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా) జీతానికి కోసినట్టే ముందే కోసేస్తారు. ఇక ఫోన్ ఖర్చు రాసి తగ్గించుకోవడానికి కంపెనీలో లాభమంటూ పెద్దగా మిగలదు. అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్లను తన ఉద్యోగులుగా పెట్టుకుని జీతమిచ్చే మధ్యవర్తి సంస్థ) ద్వారా వెళ్లినా అంతే. అక్కడ మీరు ఉద్యోగి, సొంత ఫోన్ బిల్లు మీద మీకు దక్కేది దాదాపు సున్నా. ఇలాంటప్పుడు ఫోన్ కోసం కంపెనీ పెట్టడమంటే ఎలుక కోసం కొండ తవ్వడమే.

మరో మాట. గ్రాడ్యుయేట్ వీసా మీద స్వయం ఉపాధికి అనుమతి ఉంది కాబట్టి మీకు అడ్డు లేదు. ఇంకా స్టూడెంట్ వీసా మీదే ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఇది చదివి కంపెనీ తెరవొద్దు. ఆ వీసా మీద సొంత వ్యాపారం నిషిద్ధం.

కాంట్రాక్టు ఐఆర్35 బయటే ఉందనుకుందాం. కంపెనీ డైరెక్టరుగా మీరు పన్నుల చట్టం దృష్టిలో ఉద్యోగి లాంటివారే. 2003 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 319 ప్రకారం కంపెనీ ఒక ఉద్యోగికి ఒక మొబైల్ ఫోన్ గానీ, ఒక సిమ్ గానీ వాడుకోవడానికి ఇస్తే దాని మీద మీకు పన్ను పడదు. వారాంతంలో ఇండియాకు, అమ్మకు చేసే కాల్ అదే ఫోన్ నుంచి చేసినా లెక్క అడగరు. ముఖ్యమైన షరతులు రెండు. కాంట్రాక్టు కంపెనీకి, నెట్‌వర్క్ సంస్థకు మధ్య ఉండాలి. కంపెనీ ఇచ్చిన ఫోన్ గానీ, సిమ్ గానీ కంపెనీ ఆస్తిగానే ఉండాలి. స్మార్ట్‌ఫోన్ దీని కిందికి వస్తుంది, టాబ్లెట్ రాదు. రెండో ఫోన్ తీసుకున్నా, కంపెనీలో పనిచేయని భార్యకో భర్తకో ఒకటి ఇప్పించినా అది మీకు అందిన ప్రయోజనంగా లెక్కేసి పన్ను వేస్తారు.

తప్పు జరిగేది సాధారణంగా ఇక్కడే. కాంట్రాక్టు మీ పేరు మీద ఉంది, డైరెక్ట్ డెబిట్ మాత్రం కంపెనీ ఖాతాకు మార్చేశారు. అంతా సరిపోయిందని అనిపిస్తుంది, కానీ సరిపోలేదు. మీ సొంత అప్పును కంపెనీ తీర్చినట్టు అవుతుంది. ఆ మొత్తాన్ని పీ11డీ ఫారంలో (ఉద్యోగికి అందిన ప్రయోజనాలను పన్ను శాఖకు తెలిపే ఫారం) చూపాలి, నేషనల్ ఇన్సూరెన్స్ కోసం పేరోల్‌లో కలపాలి. అలాకాకుండా మీరు కట్టి కంపెనీ నుంచి తిరిగి తీసుకుంటే ఇంకా భారం. అది అచ్చంగా జీతమే, పన్ను కూడా పడుతుంది. పని కోసం చేసిన కాల్స్‌కు విడిగా అయిన ఖర్చును మాత్రమే పన్ను లేకుండా తిరిగి తీసుకోవచ్చు. మీది అన్‌లిమిటెడ్ ప్లాన్. పది కాల్స్ చేసినా, వెయ్యి చేసినా బిల్లు 45 పౌండ్లే. విడిగా అయిన ఖర్చు లేదు కాబట్టి తీసుకోవడానికీ ఏమీ లేదు.

పేరు మార్చేద్దామంటారా? నెట్‌వర్క్ సంస్థను అడగొచ్చు. కానీ నిన్నమొన్న పుట్టిన కంపెనీకి క్రెడిట్ చరిత్ర ఉండదు, హ్యాండ్‌సెట్‌తో కూడిన కాంట్రాక్టు బదిలీకి ఒప్పుకోకపోవచ్చు. దానికంటే సులువైన దారి హ్యాండ్‌సెట్‌ను కంపెనీ కార్డుతో ఒకేసారి కొనేయడం, దానికో సిమ్ ఓన్లీ ప్లాన్ కంపెనీ పేరు మీద తీసుకోవడం. ఇన్వాయిస్ మీద మీ పేరు కాదు, రిజిస్టరైన కంపెనీ పేరే ఉండాలి. ‘లిమిటెడ్’ అనే మాటతో సహా.

ఇంతా చేస్తే మిగిలేదెంత? హ్యాండ్‌సెట్ 600 పౌండ్లు, సిమ్ నెలకు 12 అనుకోండి. మొదటి ఏడాది ఖర్చు 744. లాభం 50,000 పౌండ్ల లోపుంటే కార్పొరేషన్ ట్యాక్స్ 19 శాతం. అంటే తగ్గే పన్ను 141 పౌండ్లు, మిగతా 603 కంపెనీ డబ్బే. ఆ డబ్బును డివిడెండ్‌గా (కంపెనీ లాభంలో వాటాగా) తీసుకుని, దాని మీద పన్ను కట్టి, మిగిలినదాంతో కొనడం కంటే ఇది మేలే. కానీ పాత ఫోన్ బాగానే పనిచేస్తుంటే పన్ను తగ్గుతుందని కొత్తది కొనకండి.

కంపెనీ వ్యాట్‌కు రిజిస్టర్ అయితే ఫోన్ మీద కట్టిన 20 శాతం వ్యాట్ వెనక్కి తీసుకోవచ్చు. కాల్ చార్జీల్లో సొంత వాడకం వాటా మాత్రం తీసేయాలి. ఫ్లాట్ రేట్ స్కీములో (రాబడి మీద ఒకే స్థిర శాతం వ్యాట్ కట్టే పద్ధతి) ఉంటే ఈ దారి మూసుకున్నట్టే. వ్యాట్‌తో కలిపి 2,000 పౌండ్లు లేదా అంతకు మించిన మూలధన వస్తువు (వ్యాపారంలో చాలాకాలం వాడే వస్తువు) అయితే తప్ప ఏమీ రాదు. కంపెనీ మూసేసే రోజున ఫోన్ మీతో ఉంచుకోవాలంటే ఆ నాటి మార్కెట్ ధర కంపెనీకి కట్టి కొనుక్కోవాలి. బిల్లులు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆరేళ్లు దాచాలి.

కంపెనీ వద్దనుకుని సోల్ ట్రేడర్‌గా (కంపెనీ లేకుండా సొంత పేరు మీద) చేస్తే లెక్క వేరు. బిల్లు మీ పేరు మీద ఉన్నా ఫరవాలేదు, కానీ పనికి వాడిన భాగమే రాయాలి. మామూలు నెల ఒకటి చూసుకుని కాల్ లాగ్ ముందేసుకుని పని కాల్స్ పక్కన గుర్తు పెట్టండి. 120 కాల్స్‌లో 78 పనివైతే 65 శాతం. నెలకు 20 పౌండ్ల బిల్లులో 13, ఏడాదికి 156. పని తీరు మారినప్పుడల్లా మళ్లీ లెక్కేయండి, ఆ కాగితం పారేయకండి. ఖర్చులకు బదులు ఆదాయంలోంచి తగ్గించుకునే 1,000 పౌండ్ల ట్రేడింగ్ అలవెన్సు తీసుకుంటే మాత్రం ఫోన్‌తో సహా ఏ ఖర్చూ విడిగా రాయడానికి వీల్లేదు.

మీ విషయానికొస్తే, 45 పౌండ్ల కాంట్రాక్టును గడువు తీరేదాకా మీ సొంత ఖర్చుగానే వదిలేయండి. మధ్యలో తెంపితే కట్టే జరిమానా, ఆదా అయ్యే పన్నును మించిపోవచ్చు. ఇప్పటి ఫోన్‌లోనే రెండో సిమ్‌గానో ఈసిమ్‌గానో కంపెనీ పేరు మీద చిన్న ప్లాన్ ఒకటి వేసుకోండి. ఆ బిల్లు మొత్తం కంపెనీదే, నిబంధనల్లోనే ఉంటుంది. కొత్త నంబరునే సీవీలోనూ ఏజెన్సీకీ ఇవ్వండి. పాత కాంట్రాక్టు గడువు తీరాక ఆ నంబరు కూడా కంపెనీ సిమ్‌లోకి తెచ్చుకోవాలనుకుంటే పాత సిమ్ నుంచి 65075కు పీఏసీ (PAC) అని మెసేజ్ పంపండి. వచ్చే కోడ్ 30 రోజులు చెల్లుతుంది.