డబ్బాల్లో ఉండిపోయిన జోకరు

ప్రశ్న: జెర్రీ లూయిస్ అనే హాలీవుడ్ హాస్యనటుడు నాజీ క్యాంపు మీద తీసిన సినిమా యాభై ఏళ్లు దాటినా విడుదల కాలేదట. ఎడిటింగ్ కోర్సు చేస్తున్న మా అబ్బాయి చెప్పాడు. అందరూ ఘోరమైన సినిమా అంటారట. చూడని సినిమాని అలా తీసిపారేయొచ్చా? మీరు ఎడిటింగ్ రూముల్లో పనిచేశారు కాబట్టి అడుగుతున్నాను.
- ఒక పాఠకురాలు, వడపళని, చెన్నై

జవాబు: తీసిపారేయకూడదమ్మా. నేనూ చూడలేదు. కానీ కథ తెలుసు, దాన్ని ఎలా మార్చారో తెలుసు. నా అనుమానమంతా అక్కడే.

సినిమా పేరు 'ద డే ద క్లౌన్ క్రైడ్'. 1972లో స్వీడన్‌లో, పారిస్‌లో తీశారు. హెల్మట్ డూర్క్ అనే జర్మన్ సర్కస్ జోకరు తాగి హిట్లర్‌ని వెక్కిరించి జైలు పాలవుతాడు. క్యాంపులో యూదు పిల్లల్ని నవ్విస్తాడు. చివరికి ఆ పిల్లలు గొడవ చేయకుండా గ్యాస్ చాంబర్‌లోకి నడిచేలా చూసే పని అతనికే అప్పగిస్తారు. తనూ వాళ్లతోపాటు లోపలికి వెళ్లిపోతాడు.

విడుదల ఎందుకు ఆగిందంటే, కోడంబాక్కంలో టీ కొట్టువాడికి కూడా అర్థమయ్యే కారణాలే. డబ్బు అయిపోయింది. కథ హక్కుల గడువు తీరిపోయింది. బాకీ తీర్చలేదని స్టూడియో నెగెటివ్ పట్టుకుంది. మన ల్యాబుల్లో ఇలా ఎన్ని ఫిల్ము డబ్బాలు తుప్పు పట్టాయో!

అసలు సంగతి వేరే. జోన్ ఓబ్రయన్, చార్లెస్ డెంటన్ రాసిన స్క్రిప్టులో జోకరు మంచివాడు కాదు. ఒట్టి స్వార్థపరుడు, గర్విష్ఠి. లూయిస్ అతన్ని జాలిగొలిపే మనిషిగా మార్చి, ఆ వేషం తనే వేశాడు. దాంతో పిల్లల చావు కాస్తా జోకరు గొప్పతనానికి మెట్టు అయిపోయింది. నాజీలు చంపిన యూదు పిల్లలు సుమారు 15 లక్షల మంది. వాళ్లని వెనకాల నిలబెట్టి, క్లోజప్ తను తీసుకోవడమేమిటి? ఓబ్రయన్ రఫ్ కట్ (తొలిసారి అతికించిన కూర్పు) చూసి విడుదలకు ఒప్పుకోలేదు. లూయిస్ కూడా బాగా రాలేదని, సిగ్గుపడ్డానని 2013లో చెప్పాడు.

'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' అనే ఇటాలియన్ సినిమా కూడా, ఒక తండ్రి క్యాంపులో తన కొడుకుని నవ్వించే కథే కదా అని మీవాడు అడుగుతాడేమో. అందులో తండ్రిని చంపడం కెమెరాకి కనపడదు. గోడ మలుపు అవతల తుపాకీ మోత వినిపిస్తుంది, అంతే. దాని మీదా విమర్శలు వచ్చాయనుకోండి.

నేను అసిస్టెంటుగా ఉన్నప్పుడు మా మూవియోలా (ఫిల్ము ఎడిటింగ్ యంత్రం) మీదికి ఒక సినిమా వచ్చింది. 1977 దివిసీమ ఉప్పెన నేపథ్యం. శవాల వరస ముందు హీరో రెండు నిమిషాలు ఏడుస్తాడు. వెనక ఉన్నవాళ్లంతా మసక. టీ తెచ్చిన కుర్రాడిది ఆ దివిసీమలోనే నాగాయలంక వైపు. కాసేపు చూసి, "ఈయన ఏడుపేనా సార్? పడుకున్నోళ్ల మొహం ఒక్కటీ చూపించరా?" అన్నాడు. డైరెక్టరుగారు వాణ్ణి బయటికి పొమ్మన్నారు. నేను తల వంచుకుని ఫిల్ము అతికిస్తూ కూర్చున్నాను.

లూయిస్ దగ్గరున్న రీళ్లు ఇప్పుడు అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. 2024 జూన్ దాకా బయట పెట్టకూడదన్న షరతు తీరిపోయింది. అక్కడున్నది పూర్తి సినిమా కాదు, ముక్కలే. మీవాడికి ఎప్పుడైనా చూసే వీలు దొరికితే, పిల్లల మొహాల మీద షాట్ ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టమనండి. మా ఉప్పెన సినిమా మాత్రం ఎవరూ చూడలేరు. అదీ ల్యాబులోనే ఉండిపోయింది.