టెథర్ అన్నావు సరే, ఆ రెండో కొస ఎక్కడుంది?

తమ్ముడూ,

కథ రెండుసార్లు చదివాను. ఫిషింగ్ హార్బర్ లో తెల్లవారుజామున వేలంపాట గోల బాగా పట్టావు, అది ఎవరో నేర్పితే వచ్చేది కాదు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "అప్పలరాజు తన తాడు చివరికి వచ్చేశాడు" అని రాసావు చూడు, అది మీ వదినకి చదివి వినిపిస్తే "అయ్యో, ఉరేసుకున్నాడా పాపం" అంది. ఆవిడ తప్పేం లేదు, తెలుగులో మనిషినీ తాడునీ ఒకచోట పెడితే ముందు గుర్తొచ్చేది అదే.

నీ బుర్రలో ఉన్నది ఇంగ్లీష్ మాట అని నాకు తెలుసు, ఎండ్ ఆఫ్ హిజ్ టెథర్ అని. అది ఎక్కణ్ణించి వచ్చిందో చెప్తాను. నా చిన్నప్పుడు అడవివరంలో మా అమ్మమ్మ వాళ్ళకి ఒక ఎర్రావు ఉండేది, బయట రాట పాతి పలుపు పొడుగ్గా వదిలి కట్టేవారు, పొద్దున్న చుట్టూ పచ్చగా ఉండేది, సాయంత్రానికి మూకుడు బోర్లించినట్టు గుండ్రంగా నున్నటి నేల, దానికి జానెడు అవతల గడ్డి మాత్రం అలాగే ఉండేది, ఆవు మెడ సాచి నాలిక చాపి లాగేది, పలుపు బిగిసి మెడ మీద బొచ్చు అణిగిపోయేది. అదీ టెథర్. మేసేది అయిపోయింది, తాడు ఇంక సాగదు, ఆ స్థితిని వాళ్ళు మనిషి ఓపికకి అన్వయించుకున్నారు. మనకి ఆవుందీ, పలుపుందీ, కానీ ఆ నుడికారం లేదు. "అప్పలరాజుకి ఓపిక చచ్చిపోయింది" అను, లేదా వాడి నోటే "ఇంక నా వల్ల కాదు" అనిపించు, చాలు.

అయినా టెథర్ మంచి మాట, తెలుసుకుని వాడుకో. కట్టేసే మాట ఏది వాడినా రెండో కొస ఎక్కడుందో చూసుకోవాలి. బీచ్ రోడ్డులో పొద్దున్నే కుక్కల్ని తిప్పుతారే, అక్కడ రెండో కొస మనిషి చేతిలో ఉంటుంది, అది లీష్. హాబుల్ కి అసలు రెండో కొసే ఉండదు, కాలికీ కాలికీ కలిపి కట్టేస్తారు, నడవొచ్చు గాని పరిగెత్తలేదు. ఫెటర్ అంటే కాలి సంకెల. పడవకైతే ఎక్కువగా మూర్ అంటారు. టెథర్ లో మాత్రం ఒక చోటికి కట్టి, ఇంత మేర తిరుగు అని వదలడం ఉంది, కట్టడమూ స్వేచ్ఛా రెండూ. అందుకే ఫోన్ నెట్ ని లాప్‌టాప్ కి ఇస్తే టెథరింగ్ అన్నారు, ఫోన్ పట్టుకుని నువ్వు పక్క వీధికి పోతే లాప్‌టాప్ గతి మా ఎర్రావు గతే. 1965లో సోవియట్ వ్యోమగామి లియొనోవ్ మొదటిసారి అంతరిక్షంలో నౌక బయటికి వచ్చినప్పుడు కూడా టెథర్ ఉంది, సుమారు అయిదు మీటర్లు. అది లేకుండా మొదటిసారి ఒక మనిషి బయట తేలింది 1984లో, అమెరికా వ్యోమగామి మెకాండ్లెస్, నౌకకి దాదాపు వంద మీటర్ల దూరం పోయాడు, నాకైతే ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

మన 'కట్టు' కూడా తక్కువదేం కాదు, కట్టుబాటు, కట్టడి, కట్టుకున్నది, అన్నీ అందులోంచే. (మీ వదిన ఇది చదవదులే.)

ఇంకోటి, మూడో పేజీలో "బోటుని టెథర్ చేశాడు" అన్నావు. అప్పలరాజు ఆ మాట అనడు. మోకు అంటాడో ఇంకేమంటాడో నాకూ తెలీదు. ఆదివారం ఆరింటికల్లా హార్బర్ గేటు దగ్గరుండు, టీ తాగి లోపలికెళ్ళి, తాడు కడుతున్నవాణ్ణే అడుగుదాం.

మీ అన్నయ్య