కాలేజీ చూడ్డానికి వెళ్తే జిరాక్స్ షాపు దగ్గర కూడా ఆగండి

ప్రశ్న: మాది కర్నూలు. ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకును బట్టి మా అమ్మాయికి రెండు చోట్ల ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) సీటు వచ్చేలా ఉంది. ఒకటి కాకినాడ జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీ, రెండోది విజయవాడ దగ్గర హైవే పక్కన ఉన్న ప్రైవేటు కాలేజీ. రెండూ వెళ్లి చూశాం. కాకినాడలో బిల్డింగులు పాతకాలంవి, పైగా ఒకటే ఉక్కపోత. ప్రైవేటు కాలేజీలో ఏసీ క్లాసులు, పెద్ద ఆడిటోరియం. పీఆర్వో దగ్గరుండి అంతా తిప్పి చూపించారు. మాకు అదే నచ్చింది. అమ్మాయి మాత్రం కాకినాడే అంటోంది. క్యాంపస్‌నూ ఊరినీ చూసి నిర్ణయించుకోవడం తప్పా?

జవాబు: తప్పేం కాదు. పిల్ల నాలుగేళ్లు ఉండబోయే చోటు, చూడాల్సిందే. కాకపోతే పీఆర్వో వెంట ఉండి చూపించేది కాలేజీ చూపించదలుచుకున్నది మాత్రమే. ఇంకోసారి వెళ్లండి. క్లాసులు జరిగే రోజున, సాయంత్రం నాలుగు దాటాక, ఎవరికీ చెప్పకుండా.

ముందు గేటు బయటున్న జిరాక్స్ షాపు దగ్గర కాసేపు నిలబడండి. పిల్లలు ఏం ప్రింట్లు తీయించుకుంటున్నారో చూడండి. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) నోట్సు, పాత ప్రశ్నపత్రాలు ఎక్కువగా వెళ్తుంటే ఒక లెక్క. ‘రెడీమేడ్ ప్రాజెక్టులు, ల్యాబ్ రికార్డులు రాసి ఇవ్వబడును’ అన్న బోర్డు వేలాడుతూ, దాని కింద గుంపు ఉంటే ఇంకో లెక్క. లోపల ల్యాబుల్లో పని ఎంత జరుగుతోందో ఆ బోర్డే చెప్పేస్తుంది.

లైబ్రరీలో ఈసీఈ అరలోంచి ఏదో ఒక పుస్తకం తీసి వెనక అట్ట తిప్పండి. తేదీ ముద్రలు వేసే చీటీ ఉంటే చివరి ముద్ర ఎప్పటిదో చూడండి. ఇప్పుడు చాలా చోట్ల కంప్యూటర్లోనే ఇష్యూ చేస్తున్నారు కాబట్టి చీటీ లేకపోవచ్చు, అలాంటప్పుడు అంచులు నలిగాయో లేదో చూసినా చాలు. ల్యాబులో సీఆర్‌వోల (కరెంటు సిగ్నళ్లను తెర మీద చూపించే పరికరాలు) మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయా, పక్కన లాగ్ రిజిస్టర్లో ఈ వారం సంతకాలు ఉన్నాయా? ఏసీ ఉందా లేదా అన్నదానికంటే ఇది ముఖ్యం.

అమ్మాయి కాబట్టి ఇంకో సంగతి తప్పకుండా కనుక్కోండి. లైబ్రరీ రాత్రి ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుంది, గర్ల్స్ హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు? ఈ రెండు టైములూ పక్కపక్కన పెట్టి చూడండి. లైబ్రరీ పది దాకా ఉండి, హాస్టల్ గేటు ఆరున్నరకే పడితే ఆ లైబ్రరీ అబ్బాయిల కోసం కట్టినట్టే. ఈ విషయం బ్రోషర్లో ఉండదు.

బిల్డింగుల గురించి బెంగ వద్దు. ఐఐటీ ఖరగ్‌పూర్ 1951లో మొదలైంది హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో, అంటే ఒకప్పటి జైల్లో. మన ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలై, తర్వాత కందికి మారింది. బిల్డింగు చూసి వెనక్కి వచ్చి ఉంటే మొదటి బ్యాచ్‌ల పిల్లలకే నష్టం. విస్తీర్ణం కూడా అంతే, దాన్ని బట్టి చదువును అంచనా వేయలేం. ఖరగ్‌పూర్‌కి రెండు వేల ఎకరాల పైన ఉంటే, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీకి ఉన్నది 66 ఎకరాలు. కాకినాడ కాలేజీ 1946లో విశాఖపట్నంలో మొదలై తర్వాత కాకినాడ చేరింది. అంత పాత కాలేజీలో గోడలు కొత్తగా ఎలా ఉంటాయి చెప్పండి!

ఇక ఊరి సంగతి. మెయిన్ లైన్ రైళ్లు చాలావరకు సామర్లకోట మీదుగా పోతాయి, కాకినాడ అక్కడినుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు. కర్నూలు నుంచి రాకపోకలు కష్టమే, దసరాకీ సంక్రాంతికీ టికెట్లు ముందే చూసుకోవాలి. ఉక్కపోత ఉంటుంది, మీరన్నది నిజమే. కానీ రంగరాయ మెడికల్ కాలేజీ, దాని అనుబంధ ప్రభుత్వాసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి. అర్ధరాత్రి పిల్లకి జ్వరం వస్తే ఆటోలో తీసుకెళ్లొచ్చు. హైవే పక్క కాలేజీలో అలాంటప్పుడు ఏం చేస్తారో వార్డెన్‌ని అడగండి: క్యాంపస్‌లో రాత్రి డాక్టరు ఉంటారా, అంబులెన్సు ఉందా, డ్రైవరు అక్కడే పడుకుంటాడా? ‘ఉంది సార్’ అని ఊరుకుంటే బండి చూపించమనండి.

కాకినాడకి ఒక లోటు మాత్రం ఉంది. కాకినాడలో పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు ఉన్నాయి గానీ ఎలక్ట్రానిక్స్ ఇంటర్న్‌షిప్పులకు అది పెద్ద ఊరు కాదు. వేసవి సెలవుల్లో హైదరాబాదో బెంగళూరో వెళ్లాల్సి వస్తుంది. అయితే హైవే మీద ఉన్నంత మాత్రాన ప్రైవేటు కాలేజీకి కంపెనీలు దగ్గరైపోవు.

ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలు పట్టించుకోకండి, ఈసీఈ నుంచి ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో విడిగా అడగండి. అలాగే నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్‌ది కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇస్తారు. మీకు కావాల్సింది రెండోది, అదీ ఈసీఈకి.

అమ్మాయిని రెండు చోట్లా గర్ల్స్ హాస్టల్లోకి ఒక్కదాన్నే పంపి, మీరు బయటే ఉండండి. నీళ్లు, మెస్సు, ర్యాగింగ్ గురించి సీనియర్లు మీ ముందు చెప్పనివి తనతో చెబుతారు.

ఇవన్నీ చూశాక కూడా రెండూ ఒకేలా అనిపిస్తే నా ఓటు కాకినాడకే, అక్కడ ఫీజు కూడా కలిసొస్తుంది. హాస్టల్ సీటు దొరకదంటే మాత్రం లెక్క మారుతుంది. బయట పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) పెట్టాలంటే కాలేజీకి నడిచి వెళ్లే దూరంలో దొరకాలి, అద్దె కూడా కలుపుకోవాలి. అందుకే కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేసేలోపే హాస్టల్ సంగతి కాలేజీ ఆఫీసులో అడిగి ఖాయం చేసుకోండి.